గోపయ్య కళ్ళు

4-3-1957
పాత కచేరీకి సున్నం వేశారు, కింద పలకరాయి పరిచారు. బోర్డు కూడా ఎక్కింది: జాతీయ ఛాయాచిత్ర మ్యూజియం. దేశం మొత్తానికీ మా మార్కాపురమే దొరికింది! మూతపడ్డ నా స్టూడియో గాజు నెగెటివ్ ప్లేట్లన్నీ తీసుకుని, వాటిని శుభ్రం చేసే ఉద్యోగం నాకే ఇచ్చారు. క్యూరేటర్ నిత్యానందం గారిది ఒకటే రూల్. కెమెరా చూసిందే గోడకెక్కాలి, ప్లేటు మీద చేత్తో దిద్దిన టచప్ అంతా కడిగేయాలి. ఇరవై ఏళ్ళు నేను తిన్నది టచప్ కూడే.

6-3
తర్లుపాడు కొండమ్మ వచ్చింది, గొర్రెల్ని మొగుడికి అప్పజెప్పి. కొడుకు ఫోటోని చెదలు తినేశాయట. అన్నా, మా గోపయ్య నన్ను సూసేది ఆ ఫోటోలోనే గదా, ఈడ పెద్దది పెడతారంటనే, అంది. ఆదివారం ఓపెనింగ్‌కి రమ్మన్నాను.

గోపయ్య మూడేళ్ళకే జ్వరంతో పోయాడు. పోయాకే స్టూడియోకి తెచ్చారు. కుర్చీలో కూర్చోబెడితే ఒరిగిపోతుంటే, వెనక తెల్ల దుప్పటి ముసుగేసుకుని కొండమ్మే పట్టుకుంది. ప్లేటు మీద పెన్సిల్‌తో తెరిచిన కళ్ళు దిద్దింది నేను. కడిగితే మూసుకుంటాయి.

7-3
ఈ ఒక్కటీ వదిలేయమని నిత్యానందం గారిని బతిమాలాను. ఒకటి వదిలితే మిగతావీ ఎవరూ నమ్మరన్నారు. మీ వల్ల కాకపోతే ఇంకొకర్ని చూసుకుంటానన్నారు, మర్యాదగానే. చాటుగా ఒక ప్రింట్ తీసి ఆమెకిద్దామంటే డార్క్‌రూమ్ తాళం ఆయన జేబులో ఉంది.

8-3
కళ్ళ సంగతి ముందే చెబుతూ కొండమ్మకు కార్డు రాద్దామని కూర్చున్నాను. ఆమెకు చదువు రాదు.

9-3, సాయంత్రం 4
కడిగేశాను. ఆయన పక్కనే నిలబడ్డారు. టర్పెంటైన్‌లో దూది ముంచి ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను. నాలుగు తుడుపులు. రెండోసారి చంపినట్టు అనిపించింది. ప్లేటులో గోపయ్య తెల్ల చొక్కా భుజం దగ్గర ఎర్ర రంగు కూడా పూసి ఉంది; అది పూసిన చోటు ప్రింట్‌లో ఉత్త తెల్లగా వస్తుంది. ఎందుకు పూశానో గుర్తు రాలేదు. అదీ నీళ్ళతో పోయింది. ప్రింట్ ఆయనే తీస్తారట. రేపు ఆమె ముఖం ఎట్లా చూడాలి? భయంగా ఉంది.

10-3
స్తంభం చాటున నిలబడ్డాను. కొండమ్మ ఆ మూసిన కళ్ళను చాలాసేపు చూసింది. తర్వాత గోపయ్య భుజం మీద వేలు పెట్టింది. అక్కడ ఒక చెయ్యి, మూడు గాజులు. ఆ రోజు నేను ఎర్ర రంగుతో చెరిపేసిన చెయ్యి.

నేనే, నేనే పట్టుకోనుండా సూడండి, అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.