స్టీలుకి తుప్పు

ఇబ్రహీంపట్నం,
గురువారం.

శ్రీవారికి రాజ్యశ్రీ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. బాగున్నామంటే వేళకి తింటున్నాం, తిరుగుతున్నాం, అంతవరకే. విశాఖలో మీ ఒంట్లో కులాసాగా ఉందని తలుస్తాను. ఓడల పని ఎండలో ఉంటుందని రాశారు, మజ్జిగ మానకండి.

మీరడిగినవాటికి జవాబులు. అత్తయ్యగారి మోకాళ్ళు నెమ్మదించాయి. కొత్త మందు పడింది. చంటిది బడికి ఏడవకుండా వెళ్తోంది. నా చెవుల సంగతి అడిగారు. ఎడమది పూర్తిగా పోయిందట, కుడిది కొంత మిగిలిందట. ఇన్నేళ్ళు చెక్కా ఇనుమూ రుద్దే బెల్టు మిషన్ పక్కన నిలబడితే పోకేమవుతుందమ్మా అని డాక్టరు నన్నే కోప్పడ్డాడు. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి అర్థం చేసుకుంటున్నాను. ఫోన్‌లో మాత్రం మీరు అరవడం, నేను "ఆఁ? ఆఁ?" అనడం తప్ప ఏమీ లేదు. వాట్సాప్‌లో ఎంత రాసినా మీరు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అందుకే ఈ ఉత్తరం.

ఏ సరుకు రుద్దడానికి ఏ గరుకు బెల్టో విడమరిచి రాస్తే మీ మేనల్లుడు పవన్‌కుమార్ నేర్చుకుంటాడన్నారు. ఇక షాపు వాడే చూసుకుంటాడు, నువ్విక ఇంటిపట్టున ఉండు అని కూడా రాశారు. సరే, రాసుకోమనండి.

టేకు తలుపైతే ఎనభై నెంబరు గరుకుతో మొదలుపెట్టాలి. తర్వాత నూట ఇరవై, ఆపైన నూట ఎనభై. మధ్యది ఎగ్గొట్టి దూకితే చెక్క నున్నగానే ఉన్నట్టుంటుంది. పాలిష్ పెట్టాక గీతలన్నీ లేచి కూర్చుంటాయి. టేకులో జిడ్డుంటుంది కాబట్టి గరుకు పలచగా ఉన్న బెల్టే వెయ్యాలి, లేకపోతే పొడి ఇరుక్కుని చెక్క మాడిపోతుంది. కొండపల్లి బొమ్మలవాళ్ళు తెచ్చే పొణికి చెక్కకి ఎనభై నెంబరు చూపించనే కూడదు. అది వెన్నముద్దలాంటిది, ముక్కూ చెవీ అన్నీ పోతాయి. దానికి సన్న నెంబరు, అదీ చెయ్యి ఆనీ ఆనకుండా. ఇనుప గేటు వెల్డింగు గడ్డలకి నలభై నెంబరు నీలం బెల్టు. అల్యూమినియానికి బెల్టు వేరే ఉంచాలి, మైనం రుద్ది వాడాలి. ఆ పొడి ఉన్నచోట ఇనుము రుద్దితే నిప్పురవ్వకి భగ్గుమంటుంది, ఈ మాట మాత్రం వాడికి రెండుసార్లు చెప్పండి. బెల్టు లోపల బాణం గుర్తుంటుంది. అది మిషన్ తిరిగేవైపే ఉండాలి, తిరగేస్తే అతుకు దగ్గర తెగి మొహాన కొడుతుంది.

ఇక స్టీలు. నాసిరకం స్టీలు కొని మీ పేరు పాడుచేశానన్నారు కదా, అందుకని దీన్ని చివరికి ఉంచాను.

సత్యంగారి ఫంక్షన్ హాలు మెట్లకి రెయిలింగు వేశాం. బిగించిన వారానికి వాన పడింది. ఆ మర్నాడే ఆయన షాపుకొచ్చి, నలుగురూ ఉండగా, "ఏమ్మా, స్టీలని చెప్పి ఇదేంటమ్మా అంటగట్టారు? పాత మేకుల్లాగా తుప్పు పట్టింది. దొంగ సరుకా?" అన్నారు. నేను ఆ పెదవులనే చూస్తున్నాను కాబట్టి ఒక్క ముక్క కూడా తప్పిపోలేదు. పవన్ నన్ను చూడకుండా ఆయనతో, "కొనేదంతా అత్తేనండీ. నాకేం తెలుసు?" అన్నాడు.

వెళ్ళి చూశాను. రెయిలింగు మీద ఆవాలు చల్లినట్టు ఎర్రటి చుక్కలు. అప్పుడే నాకు అర్థమైంది. మన షాపులో ఇనుము బెల్టులు తగిలించడానికి ఒక మేకు, స్టీలు బెల్టులకి వేరే మేకు అని మీకూ తెలుసు. ఇనుము రుద్దిన బెల్టులో ఇనుప నలుసులు మిగిలి ఉంటాయి. దాంతోనే స్టీలు రుద్దితే అవి స్టీలుకి అంటుకుంటాయి. తడి తగలగానే తుప్పు పట్టేది ఆ నలుసులే, స్టీలు కాదు. సాయంత్రం పవన్‌ని పక్కకి పిలిచి అడిగాను.

"గేటు రుద్దిన బెల్టే వేశానత్తా. అరిగి మెత్తగా ఉందిగా, స్టీలు బాగా మెరుస్తదనుకున్నా. అయినా స్టీలుకి తుప్పేంటత్తా, విడ్డూరం కాపోతే!" అన్నాడు.

నాకు వాడి మీద కోపం రాలేదండీ. తెలియక చేశాడు. "రేపు సత్యంగారికి ఈ మాటే చెప్పు నాయనా, చాలు" అన్నాను. రాత్రి అన్నాల దగ్గర అత్తయ్యగారు నన్ను తన వైపు తిప్పుకుని, "కుర్రోడు, రేపు పెళ్ళి కావల్సినోడు. వాడి పేరు బయట పెట్టమాకే. ఇంటి కోడలివి, ఓ మాట పడితే నీకేం పోద్ది?" అన్నారు. పవన్ పప్పు కలుపుకుంటూనే ఉన్నాడు. అప్పుడొచ్చింది కోపం.

మర్నాడు కొత్త బెల్టు, చేతి మిషనూ తీసుకుని ఒక్కదాన్నే ఫంక్షన్ హాలుకి వెళ్ళాను. కుడివైపు రెయిలింగంతా పై పొర పోయేదాకా మళ్ళీ రుద్ది కడిగాను. ఎడమవైపుది ముట్టుకోలేదు. "రెండూ ఒకే లారీలో వచ్చిన పైపులండీ. ఇంకో వాన పడనివ్వండి" అన్నాను. వాన పడింది. ఎడమవైపు ఇంకా ఎర్రబడింది, కుడివైపు మచ్చ లేదు. సత్యంగారు తడిబట్టతో తుడిచి మరీ చూసుకుని, "తొందరపడి నోరు జారానమ్మా, ఏమనుకోకు" అన్నారు. పరాయి మనిషి ఆయన.

ఇంటికొచ్చేసరికి మీ ఉత్తరం ఉంది. పవన్ మీకు ఫోన్ చేశాడట. అవును, వాడికి ఫోన్ వినపడుతుంది కదా! మీరు రాసిన రెండు పేజీల్లో "ఏం జరిగింది" అని అడిగారేమోనని తిప్పి తిప్పి చూశాను. లేదు. ఈ చెవులు ఎవరి షాపులో పోయాయో మీకు తెలుసు. అయినా నేను దొంగ సరుకు కొన్నానంటే ఒక్క పూటలో నమ్మేశారు. ఆ రోజు ఏడ్చాను. అబద్ధమెందుకు, మిమ్మల్ని తిట్టుకున్నాను కూడా.

ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పటి నుంచి చెప్పాలనుకుంటూ దాటేస్తున్నది ఇంకొకటి ఉంది. సత్యంగారు మేడ మీద బాల్కనీ పని కూడా ఇస్తానన్నారు. "మీ షాపుకివ్వాలా, నీకివ్వాలా?" అని అడిగారు. "నాకే" అన్నాను. కొండపల్లి రోడ్డులో మార్త అని ఒకావిడ గేట్ల షెడ్డు నడుపుతోంది. తన మిషన్ వాడుకోమంది. సోమవారం నుంచి అక్కడికే వెళ్తున్నాను. మొదటిరోజే మిషన్ మోత తగలకుండా చెవుల మీద పెట్టుకోమని మఫ్ ఇచ్చింది. అలాంటిది ఒకటి ఉంటుందని మన షాపులో నాకెవరూ చెప్పలేదు.

షాపు తాళాలు అత్తయ్యగారికి ఇచ్చాను. పవన్‌కి కావల్సిందంతా పైన రాశాను, మీరే చదివి వినిపించండి. దసరాకి సెలవు దొరికితే రండి. మీకిష్టమైన గోంగూర చేసి పెడతాను. తిని, కాస్త పడుకుని లేచాక, "ఎప్పుడు షాపుకి తిరిగొస్తావు" అని మాత్రం అడగొద్దు.

ఇట్లు,
ఇంటి వరకూ మీ భార్య,
రాజ్యశ్రీ