మూడోసారి అడిగితేనే

సెప్టెంబర్ 12, గురువారం

నా స్నేహితురాలు లవాన్ కారు మళ్ళీ ఆ ఇంటి ముందే ఉంది. నేనేమీ చూడ్డానికని వెళ్ళలేదు. స్వెన్సన్ల ఇంట్లో కోడిగుడ్లు ఇవ్వడానికి వెళ్తుంటే కనిపించింది. స్వెన్సన్ల ఇంటికి అది దగ్గరి దారి కాదు, ఒప్పుకుంటాను.

గురువారం మధ్యాహ్నం లవాన్ నా వంటింట్లో ఉండాలి. మా పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ అదే అలవాటు. ఇప్పుడు మినియాపొలిస్ పట్నం నుంచి దిగిన మిరియం దగ్గర కూర్చుని కాఫీ తాగుతోంది. ఈ వేసవిలోనే ఆవిడ పాత హాగెన్ల పొలం కొంది. దున్నదట. పూలు పెంచుతుందట, తేనెటీగల కోసం. బంగారంలాంటి మొక్కజొన్న పండే నేలలో ఈగలకి విందు.

సెప్టెంబర్ 13

ఆవిడ జుట్టుకి రంగు వేసుకోదు. అయినా బావుంటుంది. అదీ నా బాధ.

సెప్టెంబర్ 19, గురువారం, సాయంత్రం

పోనీలే, కొత్త మనిషి కదా అని రూబార్బ్ కాడలతో తీపి బార్స్ చేసి పట్టుకెళ్ళాను. లవాన్ కూడా అక్కడికి వెళ్తుందని తెలుసు. తెలిసే వెళ్ళాను.

లవాన్ అప్పటికే కిటికీ పక్క కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది, పుట్టింట్లో ఉన్నట్టు. మిరియం కాఫీ తాగుతారా అని నన్ను అడిగింది. వద్దన్నాను. ఆవిడ అలాగేనని కాఫీ జగ్గు తీసుకెళ్ళి లోపల పెట్టేసింది!

మా దగ్గర ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే మొదటిసారి వద్దంటాం. రెండోసారి మీకెందుకు శ్రమ అంటాం. మూడోసారి, సరే, సగం కప్పు చాలంటాం. చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఈవిడకి వద్దంటే వద్దే. గంటసేపు నోరు ఎండబెట్టుకుని ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను. లవాన్ కప్పు వెనకాల నవ్వు దాచుకుంది. మా ఆర్డిస్‌కి కాఫీ అంటే ప్రాణం అని ఒక్క ముక్క అంటే దాని సొమ్మేం పోయింది?

అక్టోబర్ 6, ఆదివారం

చర్చిలో కోతల విందు. మాంసం, బంగాళదుంపల హాట్‌డిష్ వడ్డిస్తుండగా మిరియం అందరి ముందూ నన్ను సూటిగా అడిగింది, ఈసారి ఓటు ఎవరికి వేస్తున్నారని. ఫోర్కులన్నీ ఆగిపోయాయి. పక్క పొలం వేన్ పాపం వెంటనే వాన సంగతి ఎత్తుకున్నాడు. ఓటు గురించి అడగడమంటే మాకు లోపలి బట్టల గురించి అడిగినట్టే.

అంతటితో ఊరుకుందా? పల్లెల్లో వాళ్ళు తమ మంచికి తామే అడ్డంగా ఎందుకు ఓటేస్తారో తనకి నిజంగా అర్థం కాదంది. కోపంగా కాదు, జాలిగా. ఆ జాలే నాకు కారం రాసినట్టుంది. మా మంచి మాకు తెలియదు, ఆవిడకి తెలుసు. మా ఆసుపత్రిలో కాన్పులు ఆపేసినప్పుడు మా మంచి ఎవరూ అడగలేదు. ఊళ్ళో కిరాణా కొట్టు మూతపడ్డప్పుడూ అడగలేదు. పట్నంవాళ్ళకి రైలు కావాలంటే రైలు వస్తుంది. మేం రోడ్డు మీద కంకరకి కూడా దేబిరించాలి. ప్రభుత్వం ఇంటి మీద పడకుండా ఉంటే చాలు, మా తిప్పలు మేం పడతాం అంటే మోటువాళ్ళమట. అసూయ అంటావా, అసూయే. రైలు మీద కూడా అసూయే.

తిరిగొస్తున్నప్పుడు కారులో లవాన్ ఏమీ మాట్లాడలేదు. నా పక్షానే ఉడుకుతోందనుకున్నాను.

అక్టోబర్ 20

రోడ్డుకి అటు మిరియం పార్టీ బోర్డు, ఇటు నా పార్టీ బోర్డు. ఆవిడది నాదానికంటే పెద్దది. లవాన్ ఎప్పటిలాగే ఏ బోర్డూ పెట్టలేదు. పరువు తెలిసిన మనిషి. అది ఎవరికి వేస్తుందో నేను అడగక్కర్లేదు, నాకు తెలుసు.

నవంబర్ 6, బుధవారం

మా కౌంటీలో మేం గెలిచాం. రాష్ట్రంలో పట్నం గెలిచింది. ఎప్పుడూ ఉండేదే.

పోస్టు డబ్బా దగ్గర మిరియం కనిపించింది. ఆవిడ కూడా నిద్రలేని ముఖంతోనే ఉంది. ఇక్కడ ఒంటరిదాన్నయిపోతానేమోనని భయపడ్డానని, లవాన్ తోడుండబట్టి నిలబడ్డానని అంది. లవాన్ వయసొచ్చినప్పటి నుంచీ తమ పార్టీకే వేస్తోందట కదా అంది. నాకు తెలుసనుకుంది. తెలుసన్నట్టు తలూపాను.

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నాను. రొమ్ములో గడ్డ తగిలితే మొగుడికంటే ముందు నాకు చెప్పిన మనిషి. మా ఆయన ఆర్విన్ పోయినప్పుడు నాకు అన్నం తినిపించిన మనిషి. ఇది మాత్రం నాకు చెప్పలేదు. నా మంట పార్టీ గురించి కాదు. ఆ పార్టీ అంటే మంటే, అది వేరే లెక్క. నలభై ఏళ్ళు నా దగ్గర దాచినదాన్ని నిన్నగాక మొన్న వచ్చినదాని ఒళ్ళో పోసింది. మొగుడు ఇంకోదానితో తిరుగుతున్నాడని తెలిసిన ఆడవాళ్ళు ఎందుకు పళ్ళేలు పగలగొడతారో ఇవాళ అర్థమైంది.

నేను పగలగొట్టలేదు. కడిగి పెట్టాను.

నవంబర్ 7, గురువారం

లవాన్ వస్తానని ఫోన్ చేసింది. తలనొప్పన్నాను.

ఫిబ్రవరి 2

తలనొప్పి ఇంకా తగ్గలేదు.

మార్చి 12, బుధవారం, తెల్లవారుజాము

నిన్న మా టౌన్‌షిప్ వార్షిక సభ, ఏడాదికోసారి ఊళ్ళోవాళ్ళందరం కూడేది. ఇది రాస్తే గానీ నిద్ర పట్టేట్టు లేదు.

ఏటా సభ మొదట్లో అధ్యక్షుణ్ణి అక్కడికక్కడే ఎన్నుకుంటాం. ఆర్విన్ బతికున్నన్నాళ్ళూ ఆయనే. తర్వాత నేనే. ఆయన వాల్‌నట్ కర్రతో చేసిన చిన్న సుత్తి అధ్యక్షుడి బల్ల మీద ఉంటుంది. ఏడాదంతా నేనెవరికీ అక్కర్లేదు. ఆ ఒక్క సాయంత్రం నేను సుత్తి కొడితే ఊరంతా నోరు మూసుకుంటుంది. దానికోసం కొత్త స్వెటర్ కూడా కొన్నాను. ఎవరికీ చెప్పలేదు.

క్లర్క్ డెల్బర్ట్ అధ్యక్షులెవరని అడిగాడు. వేన్ నా పేరు చెప్పాడు. అయ్యో నేనెందుకు, కుర్రవాళ్ళెవరైనా చూడండి అన్నాను. ఏటా అనేదే. డెల్బర్ట్ రెండోసారి అడగడానికి నోరు తెరిచాడు. ఈలోపు మిరియం చెయ్యెత్తింది.

"ఆవిడ వద్దంటున్నారు కదా, బలవంతపెట్టొద్దండీ. ఇన్నేళ్ళు చేశారు, ఆవిడకీ విశ్రాంతి కావాలి. లవాన్ పేరు చెప్తున్నాను."

మంచి మనసుతోనే అంది. అదే నా చావుకొచ్చింది.

డెల్బర్ట్ నా వంక చూశాడు. లేదు, నాకు కావాలి అంటే సరిపోయేది. నాకు కావాలి అని ఆ హాల్లో ఇంతవరకు ఎవరూ అనలేదు. సరే, లవాన్ కూడా వద్దంటుంది, మళ్ళీ నా దగ్గరికే వస్తుందని కూర్చున్నాను.

లవాన్ సరే అంది. మొదటిసారికే! వెనక వరుసలో ఎవరో దగ్గారు. చేతులన్నీ లేచాయి. నా చెయ్యి కూడా లేచింది. మర్యాద.

సభ బాగా నడిపింది. కంకర పన్ను మీద గొడవ కూడా రానివ్వలేదు. అదొకటి.

మార్చి 13, గురువారం

లవాన్ వచ్చింది. ఫోన్ చెయ్యకుండా. సంచీలోంచి సుత్తి తీసి నా బల్ల మీద పెట్టింది. ఆర్విన్ చేసింది, నీ దగ్గరే ఉండాలి అంది.

నేను సుత్తి సంగతి ఎత్తలేదు. ఆవిడకి నాలుగు నెలల్లో చెప్పావు, నాకు నలభై ఏళ్ళు ఎందుకు చెప్పలేదన్నాను.

"ఆవిడ అడిగింది, చెప్పాను. నువ్వెప్పుడన్నా అడిగావుటే?"

"అలాంటివి అడగడం మర్యాద కాదు."

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నీ బల్ల దగ్గర కూర్చుని మా పార్టీవాళ్ళందర్నీ నువ్వు తిడుతుంటే నువ్వు చేసిన రొట్టె తింటూ తలూపాను. నాకు నీ రొట్టె కావాలి, నువ్వు కావాలి. అడుగుతావేమోనని చూస్తూనే ఉన్నా."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. మరి అధ్యక్షత మొదటిసారికే ఎందుకు ఒప్పుకున్నావన్నాను. ఎప్పటి నుంచో తనకీ ఆ కుర్చీ మీద కన్నుందట. నా ఎదురుగా కూర్చుని ఏటా కుళ్ళుకునేదట! నా మీద అసూయపడే మనిషి ఒకత్తె ఉందని నాకింతవరకు తెలియదు.

సుత్తి తీసుకోమంది. వద్దన్నాను. తీసుకోవే అంది. వద్దన్నానుగా అన్నాను. సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. మూడోసారి అడగలేదు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను, వెనక్కి తిరుగుతుందేమోనని.

మార్చి 27, గురువారం

రాలేదు.

ఏప్రిల్ 3, గురువారం

లవాన్ కంటే ముందే మిరియం ఇంటికి వెళ్ళాను. కాఫీ తాగుతారా అంది. ఇవ్వండి అన్నాను. కాఫీ చిక్కగా ఉంది, బావుంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను.

లవాన్ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. అది నా కుర్చీ అంది. కావాలంటే అడుగు అన్నాను.

అడిగింది. లేవలేదు. మళ్ళీ అడిగింది. లేవలేదు. మిరియం జగ్గు పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

మూడోసారికి లేచాను.