తీసేయమంటే తీసేసేవాళ్ళు

వెల్లింగ్టన్,
మే 14, గురువారం.

అక్కకి,

నేను కులాసా. నువ్వూ, క్లిఫ్ బావా కులాసా అనీ, మీ వైపు బ్లఫ్ రేవులో పట్టే ఆల్చిప్పలు ఈ ఏడాదైనా తినడానికి మీ వంతుకి మిగిలాయనీ తలుస్తాను. ఇక్కడ గాలి ఎప్పటిలాగే మనుషుల్ని పక్కవాటుగా నడిపిస్తోంది.

డిసెంబరులో నువ్వు నన్ను ఫోన్ చెయ్యొద్దన్నావు. ఉత్తరం రాయొద్దనలేదు. ఇంత చదువు చదివి ఆ సందు కనిపెట్టడానికి నాకు అయిదు నెలలు పట్టింది.

ఆ రోజు చాలా అన్నావు. స్టాటిస్టిక్స్ డిగ్రీ పెట్టుకుని ఎస్కార్ట్ పనేమిటే అన్నావు. రెండు ఉద్యోగాలూ ఎందుకు వదిలేశావన్నావు. వాటికి నా దగ్గర జవాబులున్నాయి, నువ్వు నమ్మవు. కానీ కోపమంతా అయిపోయాక నెమ్మదిగా ఒకటడిగావు. నీకేమన్నా అయితే మాకు చెప్పేదెవరే అన్నావు. దానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. నేను ఫోన్ పెట్టేసింది అందుకే, నీమీద కోపంతో కాదు.

ఇప్పుడు జవాబు ఉంది.

జనవరిలో, అప్పటిదాకా పనిచేసిన, ఒక మేనేజరు నడిపే ఇంట్లోంచి బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టాను. సొంతంగా అంటే తలుపు తీసేదీ నేనే, ఎవరికి తియ్యాలో తేల్చుకునేదీ నేనే. ఆ తేల్చుకోవడం సగం, ప్రకటన ఏ సైట్లో పెట్టామన్న దగ్గరే అయిపోతుంది. నాతో పనిచేసిన జోసెట్ అని ఒకావిడ ఉంది, ఇరవయ్యేళ్ళుగా ఈ పనిలోనే ఉంది. ఏ సైటు మంచిదని అడిగితే, ఎంతమంది చూస్తారని లెక్కలెయ్యకే పిల్లా, ఎక్కించడం ఎవడైనా ఎక్కిస్తాడు, దించమని అడిగి చూడు అంది.

సరే, చూశాను. దొంగ పేరుతో ఒక ప్రకటన తయారుచేశాను. ఫోటోలో నా మోకాలూ, మన పాత సోఫా మూలా తప్ప ఏమీ లేవు.

ముందు అందరికీ తెలిసిన పెద్ద సైటు. అరగంటలో నలభై మెసేజిలొచ్చాయి. ఒకడు బంగాళాదుంపలకి ఆడినట్టు బేరమాడాడు. ఒకడు సోఫా అమ్ముతారా అన్నాడు, వాడొక్కడే మర్యాదగా రాశాడు. తీసేయమని మూడుసార్లు అడిగాను. పలుకు లేదు. పదో రోజుకి నా మోకాలు హామిల్టన్ ఊరి ప్రకటనల్లో ఇంకో అమ్మాయి పేరుతో కనిపించింది.

తర్వాత ఖరీదైనది, నలుపూ బంగారం రంగులది. పాస్‌పోర్టు ఇస్తే గాని ఎక్కించరు. నేను వెళ్ళిపోయాక దాని కాపీ చెరిపేస్తారా అని ముందే అడిగాను. మీ భద్రతే మాకు ముఖ్యం అని రాశారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే రాశారు. చిలకైనా మధ్యలో ఓ గింజ అడుగుతుంది. అక్కడికి నేనే మానుకున్నాను.

మూడోది చిన్నది. డునెడిన్ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు నడుపుతారు, ఇద్దరూ ఒకప్పుడు ఈ పని చేసినవాళ్ళే. చూడ్డానికి నువ్వు పనిచేసే డెంటల్ క్లినిక్ అపాయింట్‌మెంటు కార్డులా ఉంటుంది. తీసేయమని రాసిన ఇరవై నిమిషాలకి వాళ్ళలో పెద్దావిడ, మెర్ల్, ఫోన్ చేసింది. తీసేశానమ్మా, ఒకసారి చూసుకో అంది. ఎవడన్నా ఏడిపిస్తున్నాడా అని అడిగింది. లేదండీ, మిమ్మల్నే పరీక్షించాను అన్నాను. నవ్వి, కాలాక అడిగేవాళ్ళే గాని పొయ్యి ముట్టుకోకముందే అడిగినదాన్ని నిన్నే చూశాను అంది.

అసలు ప్రకటన కోసం ఆవిడ పంపిన ఫారంలో ఒక గడి ఉంది, అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని. నా దగ్గరికి మనిషి వచ్చినప్పుడూ వెళ్ళినప్పుడూ నేనొక మెసేజి పెట్టాలి. రెండోది రాకపోతే మెర్ల్ నాకు ఫోన్ చేస్తుంది. నేను ఎత్తకపోతే ఆ గడిలో ఉన్నవాళ్ళకి చేస్తుంది. ఒకటి రెండు రోజులు ఊరికే పెట్టి చూసే ప్రకటనకి అక్కర్లేదు గాని, అది నింపకుండా అసలుది ఎక్కదు. రెండు రోజులు దాని ముందే కూర్చున్నాను. జోసెట్ పేరు రాద్దామంటే ఆవిడ దేశం వదిలి బ్రిస్బేన్ వెళ్ళిపోతోంది. ఆఖరికి ఒక పేరు రాశాను.

ఇప్పుడు రోజుకి నాలుగు మెసేజిలు వస్తే ఎక్కువ. కానీ మనుషులు రాసినట్టుంటాయి. నిన్న ఒకాయన తన పేరు చెప్పి, మోకాళ్ళ నొప్పి, మీ ఇంటికి మెట్లెన్ని అని అడిగాడు. భుజాలు ఎప్పుడూ చెవుల దగ్గరే ఉంటాయే నీకు అనేదానివి కదా, దిగాయి. వచ్చేవాళ్ళని కాదనడం నాకు వచ్చింది, అన్నాక భయం వెయ్యడం లేదు.

నీకు నచ్చాలని రాయలేదు. తెలియాలని రాశాను.

నీ చెల్లెలు,
కెజాయా

తా.క.: మార్చిలో ఒక మంగళవారం ఎవరో పెద్దావిడ నీకు ఫోన్ చేసి, కెజాయా మీకేమవుతుంది, అవసరమైతే మీకు చెప్పొచ్చా అని అడిగింది. నేను చేరిన జిమ్ వాళ్ళనుకున్నావట. ఆవిడే మెర్ల్. నిన్ను అడక్కుండా ఆ గడిలో నీ పేరు రాశాను, తప్పే. నువ్వు కాదంటే ప్రకటన పెట్టకూడదనుకున్నాను, కాదంటావనే అనుకున్నాను కూడా. నువ్వన్నది ఆవిడ పొల్లు పోకుండా చెప్పింది: అది నా చెల్లెలండీ, ఏ వేళైనా చెయ్యండి, ఫోన్ పక్కనే ఉంటుంది, నా రెయిన్‌కోటు దాని దగ్గరే ఉండిపోయింది, అది కూడా చెప్పండి.

ఇప్పుడు ఆవిడెవరో తెలిసింది కాబట్టి నీ పేరు తీసేయమన్నా తప్పులేదు. ఇరవై నిమిషాలే పడుతుంది. రెయిన్‌కోటు పంపేశాను. ఈ ఉత్తరం నీకు దాని ఎడమ జేబులోనే దొరికి ఉంటుంది.