ఆరో ప్రశ్నకి నా తెలుగు

మార్చి 9, సోమవారం

పిచ్చుకా,

బాగున్నావా అని అడగడానికి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను. నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. ఏదీ పెద్దగా అనిపించడం లేదు, అంతే.

నువ్వు నమ్మి మన క్లాసువాడికి పంపిన ఫోటో క్లాసు గ్రూపులో పడి, మీ ఇంటిదాకా వెళ్ళి, మీవాళ్ళు నిన్ను చదువు మధ్యలో తీసుకుపోయి ఏడు నెలలైంది. ఫోను నంబరు మార్చేశావు. పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే పనిలో చేరావని తెలిసి, ఈ ఉత్తరం ఆ క్లినిక్కుకే పంపుతున్నాను.

హాస్టల్లో నీ మంచం మీద ఇప్పుడు వేరే దేశం అమ్మాయి ఉంటోంది. ఎంత పొడుగంటే, కాళ్ళు మంచం దాటి వేలాడతాయి. నాకు చదువుతోపాటు ఒక పని దొరికింది. సర్వే చేస్తున్న మేడమ్ ప్రశ్నల కాగితాన్ని తెలుగులోకి మార్చి, మనవాళ్ళ చేత నింపించడం. విద్యార్థులు ఫోన్లలో పంపుకునే ఫోటోల గురించి, అవి బయటపడితే ఏం చేస్తారన్నదాని గురించి. ఏ దేశం పిల్లలు ఎలా ఉన్నారో పోల్చి చూస్తారట.

ఆరో ప్రశ్న, మీ ఒంటిని చూపించే ఫోటో ఇష్టపడి ఎవరికైనా పంపారా అని. నేను తెలుగులో, అసభ్యమైన ఫోటోలు పంపే తప్పు ఎప్పుడైనా చేశారా అని రాశాను. కావాలని కాదు. చెయ్యి అలా రాసుకుపోయింది. అరవై మంది నింపితే అరవై మందీ లేదన్నారు. అయితే మీవాళ్ళలో ఈ బెడద లేదన్నమాట అని మేడమ్ సంతోషపడింది. నేను తలూపాను.

ఆ సాయంత్రం పొడుగమ్మాయి మాటల్లో చెప్పింది, తన ఫోటో కూడా ఒకడు నలుగురికీ చూపించాడట. కాలేజీ ఆఫీసులో ఫిర్యాదు ఇస్తే వాణ్ణి ఏడాదిపాటు బయటికి పంపారట. మీ అమ్మ ఏమందని అడిగాను. అమ్మకెందుకు చెప్పాలి, తప్పు చేసింది వాడు కదా అంది, సాక్సులు మడతపెట్టుకుంటూ. అయినా ఆరు నెలలు క్లాసులో ఎవరి పక్కనా కూర్చోలేకపోయానంది.

మర్నాడు మేడమ్‌తో నా తెలుగు తప్పని చెప్పాను. తిట్టలేదు. ప్రశ్న మార్చి మళ్ళీ పంచమంది. ఈసారి ఇరవై ముగ్గురు అవునన్నారు. ఎవరికి చెప్పుకున్నారు అన్నచోట మాత్రం దాదాపు అందరూ ఖాళీ వదిలేశారు. కాగితాలు కట్టకట్టి భోజనానికి వెళ్ళాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

నీ సీటు ఇంకా రద్దు కాలేదట. ఆగస్టులోపు వస్తే చేర్చుకుంటారని గుమాస్తా చెప్పాడు. వాడి మీద ఫిర్యాదుకి కూడా ఇంకా గడువు ఉంది. నేను సాక్ష్యం చెబుతాను.

ఉంటాను మరి,
నీ సోడాబుడ్డి

తా.క. మీ ఇంటికి ఫోటో పంపింది వాడేనని నువ్వు నమ్ముతున్నావు. వాడు గ్రూపులో పెట్టాడు, అంతవరకూ నిజం. మీ వదినకి పంపింది నేను. పెద్దవాళ్ళకి తెలిస్తే వాణ్ణి ఆపుతారనుకున్నాను. మూడో రోజుకి మీ అన్నయ్య వచ్చి నీ పెట్టె సర్దించాడు. జిప్పు పట్టకపోతే పెట్టె మీద కూర్చుని మూయించింది కూడా నేనే. ఫిర్యాదులో వాడి పేరు కింద నా పేరు రాయి.