ఊడవని వాకిలి

బెల్లంపల్లి, కార్తీక సోమవారం రాత్రి

పొద్దున దీపం పెట్టి లేచేసరికి తమ్ముడు బొగ్గుబావి పనికి వెళ్ళిపోయాడు. మరదలు చల్లన్నం తింటోంది. వాకిట్లో నిన్నటి వేపాకులు అలాగే ఉన్నాయి. మగవాడు చేపల వేటకు వెళ్తే తిరిగొచ్చేదాకా వాకిలి ఊడవకూడదని మా సముద్రపు ఊళ్ళో పట్టింపు. ఊడిస్తే కెరటం మనిషిని ఊడ్చుకుపోతుందంటారు. ఊరు వదిలి ఇన్నేళ్ళయినా అమ్మ దాన్ని వదల్లేదు.

పక్కింటి మల్లవ్వ అమ్మను చూసి నవ్వింది. "గిదేంది పెద్దక్కా, మీ ఇంట్ల చీపుర్లకు కరువచ్చిందా? జర జరుగు!" అంటూ తనే మా వాకిలి ఊడ్చేసింది.

అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. సాయంత్రం తమ్ముడు మసి మొహంతో వచ్చేదాకా మంచినీళ్ళు ముట్టలేదు.

"ఇక్కడ సముద్రం ఎక్కడుందే అమ్మా?" అన్నాడు వాడు.

"నీళ్ళ కిందయితే ఏంటి, మట్టి కిందయితే ఏంట్రా? కిందికే కదా దిగుతున్నావు."

నాన్న సముద్రం నుంచి తిరిగిరాని రోజున కూడా మా వాకిలి ఎవరూ ఊడవలేదు. అది అమ్మకీ, తమ్ముడికీ, నాకూ తెలుసు.

రేపటినుంచి తమ్ముడు పనికి బయల్దేరకముందే మరదలు ఊడ్చేయాలని అనుకున్నాం. ఊడ్చినంతసేపూ వాడు గడప లోపల తన కంటి ముందే ఉండాలంది అమ్మ. సరేనన్నాం.