మునిరాజన్నను ఇచ్చేశారు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు. అయినా నీ హాకీ జట్టు సంగతి ఇంకెవరికి చెప్పను?

నీతో జంటగా బ్యాక్ ఆడిన మునిరాజన్నను జట్టు నడిపే ఫ్యాక్టరీవాళ్లు బెంగళూరు కంపెనీ జట్టుకు ఇచ్చి, బదులుగా ఒక ఫార్వర్డ్‌ను తెచ్చుకున్నారు. అతను గోల్స్ కొడతాడు, కాదనను. కానీ కొత్త కోచ్ బ్యాక్‌లిద్దరినీ ఒకేసారి ముందుకు పంపుతున్నాడు. ఒకరు పోతే ఒకరు నిలవాలన్న మీ పద్ధతి పాతదట. పత్రికల్లో దాన్ని ‘రక్షణ వ్యూహం’ అంటారని ఈమధ్యే చదివాను. మొన్న కృష్ణగిరిలో బంతి మనవాళ్లను దాటిన ప్రతిసారీ గోల్‌కీపర్ ఒక్కడే మిగిలాడు. అయిదు గోల్స్ తిన్నాం.

హోసూరు బస్టాండులో మునిరాజన్నకు పెట్టె అందించాను.

"ఏమప్పా కాలేజీ దొరా, నా జాగాలో నువ్వు ఆడతావంట?"

"కోచ్ అడిగినాడన్నా. సరే అన్నాను."

"ఆయప్ప ముందుకు పో అంటాడే, అప్పుడు?"

"పోను. మీ మాదిరి వెనకనే నిలుస్తా."

"అయితే ఒక్క మ్యాచే ఆడతావు, పో" అని నవ్వాడు. బస్సు కదిలేసరికి ఆ నవ్వు లేదు.

ఆదివారం మత్తూరు జట్టుతో ఆట. నీ స్టిక్ నాకు కొంచెం పొడుగు. కోచ్ ఎంత అరిచినా నేను వెనకే నిలబడతాను. ఆ పై ఆదివారం నన్ను ఆడనిస్తారో లేదో తెలియదు.

నీ తమ్ముడు