ఒకే పేరున్న ఇద్దరు

తమ్ముడూ,

క్షేమమని రాయలేను. నువ్వు మా ల్యాబ్‌కి చేసిచ్చిన మాక్రో, అదే ఆ చిన్న ప్రోగ్రాం, ప్రతి రిపోర్టునూ రోగి పేరుతోనే సేవ్ చేస్తోంది. మంగళవారం ఒకే పేరున్న ఇద్దరు వచ్చారు. రెండో ఫైలు మొదటిదాన్ని మింగేసింది. "ఆ పేరుతో ఫైలుంది, పాతది తీసెయ్యనా?" అని కంప్యూటర్ అడగాల్సింది. చిరాకని దాని నోరు నొక్కింది నువ్వే.

ఆ ఇద్దరిలో మొదటావిడ, బట్టలు కుట్టుకునే ఆవిడ. ఆవిడకు గడ్డ ప్రమాదం కాదని కాగితమిచ్చాను. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నిన్న వాళ్లింటికెళ్లి, "అమ్మా, అది మీ రిపోర్టు కాదు" అని చెప్పాను.

"మరి నాదేదమ్మా?" అంది.

నీకు ఫోన్ చేస్తే, "పేర్లు కలిస్తే నేనేం చేస్తానక్కా?" అన్నావు. ఫైలు పేరుకి రోగి నంబరు తగిలించాను. ఒక్క లైను పని!

రేపు పదింటికి పరీక్ష కోసం ఆవిడ గడ్డలో మళ్లీ సూది గుచ్చుతారు. నువ్వు రా. ఫోన్లో నాతో అన్న ఆ మాట ఆవిడ ముందు అను.

అక్క